కర్ర కనిపించే పడవ

నా ఎడమ కాలికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎలమంచిలి దగ్గర మా ఊళ్ళో ఆ కాలు గురించి అందరూ నా వెనకాలే మాట్లాడుకునేవారు. నా ఎదురుగా, మామూలు సంగతిలా మాట్లాడిన మొదటి మనిషి మా ఆయన. వాళ్ళది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో పోతపోసే సామానుకి చెక్కతో నమూనాలు చేసే ఉద్యోగం.

రెండు వేల సంవత్సరం దాటాక, ఓ ఆదివారం భీమిలి వెళ్ళాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఎవరో సన్నటి పడవలో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రేకులున్న తెడ్డుతో అటూ ఇటూ నీళ్ళు తోస్తూ పోతున్నారు. దాన్ని కయాక్ అంటారట. మా ఆయన చాలాసేపు చూసి, "దీనికి కాళ్ళతో పెద్ద పని లేదు. చేతుల్లో బలముంటే చాలు. నీకోటి చేసిస్తాను" అన్నారు.

నేను గాజువాకలో ఇంట్లోనే, మోటారు బిగించిన మిషన్ మీద బట్టలు కుట్టేదాన్ని. చేతులకేం లోటు లేదు. ఊరికే అన్నారేమో అనుకున్నాను. కానీ ఆ వానాకాలమంతా డ్యూటీ దిగి రాగానే పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయేవారు. పల్చటి ప్లైవుడ్డు వంచి, అతికించి, పైభాగానికి ఎర్రటి టేకు బద్దలు వేసి, నిజంగానే పడవ చేసేశారు.

"నీలం రంగు వేసేద్దాం. అతుకులన్నీ కప్పుకుపోతాయి" అన్నారు.

"రంగొద్దండి. కర్ర అవుపడాల. వార్నిష్ ఏద్దాం, నానే ఏత్తాను."

"వార్నిష్ వేస్తే నా తప్పులన్నీ బయటపడతాయే."

"పడనీయండి. నాకు తెలీనివా?"

ఆయన నవ్వి బ్రష్షు నా చేతికిచ్చారు.

ఆటోనగర్‌ నుంచి తలుపులకీ కుర్చీలకీ వాడే వార్నిష్ తెప్పించి వేశాను. సాయంత్రానికి అద్దంలా మెరిసింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. భీమిలి తీసుకెళ్ళి దింపాం. మా ఆయన తాడు పట్టుకుని ఒడ్డున నడుస్తుంటే కాసేపు అటూ ఇటూ తిరిగాను. అలా ఓ నాలుగు వారాలు వెళ్ళామో లేదో, పడవ మీద తెల్లటి మచ్చలు లేచాయి. గోటితో గీరితే వార్నిష్ పొరలు పొరలుగా ఊడొచ్చింది. అంచుల్లోకి నీరు దిగి కర్ర నల్లబడింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

"ఇప్పటికైనా రంగు వేసేద్దాం. ఎవరేమనుకుంటారు?" అన్నారాయన.

"ఎవరో అనుకుంటారని కాదు. నాకే కర్ర అవుపడాల" అన్నాను. మర్నాడే గీకడం మొదలుపెట్టాను.

ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ పీట జరుపుకుంటూ పడవ చుట్టూ తిరిగాను. ముందు ఇనప రేకుతో గీకి, తర్వాత గరుకు కాగితంతో రుద్దాను. జాకెట్లు కుట్టడానికిచ్చిన పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏటమ్మా, జాకెట్టు మానేసి పడవ గీకుతన్నావేటి?" అంది.

"జాకెట్టు రేపు ఇత్తాను. ఇది ఈరోజు అవ్వాల" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయింది. నల్ల మచ్చలు చాలావరకు పోయాయి. పోనివాటిని అలాగే వదిలేశాను.

ఈసారి పోర్టు దగ్గర, ఓడలకి సామానమ్మే కొట్టుకి నేనే వెళ్ళాను. ఉప్పునీటికీ ఎండకీ ఆగే వార్నిష్ అడిగి తెచ్చుకున్నాను. డబ్బా మీద రాసిందంతా చదివాను. తెలియని మాటలు మా ఆయన్ని అడిగాను. మొదటి పూతలో టర్పెంటైన్ కలిపి పల్చన చెయ్యాలి, అప్పుడే కర్ర తాగుతుంది. డబ్బా కుదపకూడదు, బుడగలొస్తాయి. ఒక పూత బాగా ఆరాక సన్నగా రుద్ది, తుడిచి, అప్పుడు ఇంకోటి.

డబ్బా మీద రాయనిది గాజువాక దుమ్ము. పొద్దున్న తుడిచిన పిట్టగోడ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. షెడ్డు చుట్టూ పాత చీరలు కట్టాను. నేల మీద నీళ్ళు చల్లి, లేచిన దుమ్ము అణిగేదాకా కూర్చున్నాను. మంచు తేమ ఆరిపోయాకే బ్రష్షు పట్టేదాన్ని. కర్ర చార వెంటే లాగి, తల పక్కకి వంచి వెలుతురులో చూసుకుని, ఎక్కడ తడి తగ్గిందో అక్కడ మళ్ళీ లాగేదాన్ని.

మూడో పూత మీద గాలి కొట్టింది. చీర లేచి, ఇసుకంతా తడి వార్నిష్ మీద పడింది. అప్పుడు ముట్టుకుంటే ఇంకా పాడవుతుంది. ఆరేదాకా ఓపిక పట్టి, ఆ పూతంతా రుద్దేసి, మళ్ళీ వేశాను.

ఆఖరి పూత వేస్తున్న రోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చీర బయటే ఆగారు. "లోపలికి రావచ్చా?"

"కాళ్ళు కడుక్కుని రండి."

వచ్చి, ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశారు. కూర్చునే చోటు పక్కన ఆగి, "ఇక్కడ చిత్రిక పడుతుంటే చెయ్యి జారింది" అన్నారు.

"తెలుసండి" అన్నాను.

బాగా గట్టిపడేదాకా ఆగి, ట్రాలీ ఆటోలో పరుపు వేసి, పడవ కట్టుకుని మధురవాడ మీదుగా భీమిలి వెళ్ళాం. నీళ్ళలో కూర్చున్నాక, "తాడు వదిలేయండి" అన్నాను. ఆయన నా మొహం చూశారు. వదిలేశారు.

నది మధ్యకి వెళ్ళేసరికి నీరు సముద్రం వైపు లాగుతోంది. గమనించేలోపే దూరం వచ్చేశాను. ముందు అలలు విరుగుతున్న తెలుపు కనిపిస్తోంది. ఒడ్డున ఆయన కేకలు వేస్తూ పరిగెడుతున్నారు. పడవ తిప్పాను. ఎంత తోసినా ఉన్నచోటే ఉన్నట్టనిపించింది. ఎదురుగా వెళ్ళడం మాని, ఒడ్డు వైపు ఏటవాలుగా తొయ్యడం మొదలుపెట్టాను. భుజాలు మండిపోయాయి. ఆపితే పోతానని మాత్రం తెలుసు. చాలాసేపటికి ఒడ్డు దగ్గర నెమ్మదిగా ఉన్న నీళ్ళలోకి వచ్చి పడ్డాను.

ఆయన నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. "భయమేసిందా?"

"ఏసింది."

"మళ్ళీ వెళ్తావా?"

"పోటొచ్చాక ఎల్తాను. అప్పుడు నీరు లోపలికొత్తాది."

ఆయన ముంజేత్తో పడవ మీద నీళ్ళు తుడిచారు. వార్నిష్ మీద చుక్కలు నిలబడి, జారిపోయాయి. కర్ర లోపల పొడిగా ఉంది.

మేం ఒడ్డున ఆగిన చోట ఒకావిడ గంపలో చేపలు పెట్టుకుని అమ్ముతోంది. పడవ చుట్టూ ఓసారి తిరిగి, "నానోపాలి కూకోనా అమ్మా? మావోళ్ళు పడవ మీదకి ఆడోళ్ళని ఎక్కనీరు" అంది.

చీర గోచీ పెట్టుకుని ఎక్కి కూర్చుంది. మా ఆయన మోకాలి లోతులో నడుస్తూ పడవ పట్టుకున్నారు. నేను ఇసకలో ఆవిడ గంప పక్కన కూర్చుని కాకుల్ని తోలాను. ఎవరో వచ్చి చేపలెంతని అడిగితే, ఆవిడ నీళ్ళలోంచే కేకేసి బేరమాడింది.