వెలిగారం పొట్లం

మా ఆడబిడ్డ పోయిన నెలలో కన్నుమూసింది. మొఘల్‌పురాలోని మా ఇంటి మేడ మీద తన గదిలో పొద్దున్నే చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. పేపర్లో ప్రకటన వేయించలేదు. కావలసినవాళ్ళకు నేనే ఫోన్ చేశాను. నేను చెప్పకపోయినా వచ్చిన ఒకాయన గురించి కూడా ఇందులో రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆమె గురించి మంచే రాస్తాను. ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

ఆమె మా ఆయనకు చెల్లెలు. ధ్రువాల దగ్గరి సముద్రాల్లో తేలుతూ బతికే సన్న జీవుల మీద పరిశోధన చేసింది. దక్షిణ ధ్రువం వైపు ఓడలో, ఏళ్ళ ఎడంతో, రెండుసార్లు వెళ్ళొచ్చింది. మా మనవలకు ఆమె 'సముద్రం నానమ్మ', నేను 'బెత్తం నానమ్మ'. ఆ సముద్రజీవులన్నిటిలో ఆమెకు ఇష్టమైనది ఒక నత్తజాతి. గోధుమ గింజంత కూడా ఉండదు. ఒంటి మీద గాజులాంటి గవ్వ, ఈదడానికి రెండు రెక్కలు. సముద్రపు సీతాకోకలు అనేది వాటిని. చేపల నుంచి తిమింగలాల దాకా ఎన్నిటికో అవే తిండి అని చెప్పేది.

"ఏముందే ఆ పురుగులల్ల?" అని ఒకసారి అడిగాను. నేను ఆడపిల్లల బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. అయినా నాకే పాఠం చెప్పింది. నేను పచ్చీసు ఆడే గవ్వల్లో ఒకటి తీసి గిన్నెలో నిమ్మరసం పిండి అందులో పడేసింది. బుస్సున నురగ వచ్చింది.

"చూడు వదినా. మన బండ్ల పొగ అంత పైకే పోతదనుకుంటున్నవా? కొంత సముద్రం మింగుతది. మింగి పులుస్తది. చల్లటి నీళ్ళు ఇంకెక్కువ మింగుతయి, అందుకే మొదటి దెబ్బ ధ్రువాల కాడ. గింత పులుపు కాదులే. గోరంత మారినా సాలు, గా సన్న గవ్వ ఓర్వదు."

"నీళ్ళు వేడెక్కుతున్నయంటరు గద?"

"గది ఇంకో లొల్లి. మంచు తగ్గితే దాని కింది పాచి తగ్గుతది. గా పాచి తిని పెరిగే క్రిల్ రొయ్యల పిల్లలు యాడికి పోవాలె?"

"అది సరే, నా గవ్వ?"

"కొత్తది తెస్త తియ్."

తేలేదు. ఆ గవ్వ మెరుపు పోయి సున్నం ముక్కలా ఇప్పటికీ నా డబ్బాలో ఉంది.

ఆ జీవులను ఫార్మలిన్‌లో దాస్తారు. కొన్నాళ్ళకు ఆ మందే పులిసి గవ్వల్ని తినేస్తుంది. అలా కాకుండా చిటికెడు వెలిగారం వేస్తారు. కంసాలులు బంగారం అతకడానికి వాడే తెల్లపొడి అది, ఉర్దూలో సుహాగా. దాని కోసం నెలకోసారి కంసాలి సామాన్ల దుకాణానికి పోయేది. నెలనెలా పొడి పట్టుకెళ్తావు, బంగారం ఎప్పుడు చూపిస్తావని దుకాణం భాయ్ ఏడిపించేవాడు.

"ఆపా, హర్ మహీనా సుహాగా లేజాతే, సోనా కబ్ దిఖాతే?"

"మేరా సోనా సీసే మే డూబా హువా హై, భాయ్."

తన బంగారం సీసాలో మునిగి ఉందని చెప్పి నవ్వుకుంటూ వచ్చేది. కాగితం పొట్లం కారి, గల్లీ మలుపు నుంచి మా గడప దాకా సన్నటి తెల్ల గీత పడేది. "డబ్బా తీస్కపోరాదే?" అని కసిరేదాన్ని. "మర్చిపోయిన వదినా," అనేది. ప్రతిసారీ అదే మాట.

ఇక ఆయన సంగతి. కోస్తాలో ఆమె పనిచేసిన పరిశోధనశాలలో ఆమెకు పై అధికారి. మా అత్తగారు పోయినప్పుడు మా ఆడబిడ్డ కర్మలకు ఇక్కడికి వచ్చింది. ఎండలకు సీసాల్లో మందు తగ్గిందని, నింపిస్తున్నానని ఆయన ఫోన్ చేశాడు. "సార్, వెలిగారం తప్పకుండ వెయ్యున్రి, లేకుంటె గవ్వలు మిగలవు," అని ఆమె బతిమాలింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె తిరిగి వెళ్ళేసరికి గవ్వలన్నీ కరిగి జిగురైపోయాయి. తర్వాత ఒక సభలో, రెండో ప్రయాణంలో దొరికిన గవ్వలు సముద్రంలోనే దెబ్బతిన్నాయని ఆమె చెబుతుంటే ఆయన లేచి, "సీసాలు చూసుకోలేక సముద్రం మీదికి నెడుతున్నారు," అన్నాడు. సభంతా నవ్విందట. ఆ తర్వాత ఆమె మాట ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం వదిలేసి వచ్చింది. విడిగా దాచుకున్న రెండు సీసాలు వెంట తెచ్చుకుంది, ప్రయాణానికొకటి. నెలనెలా వెలిగారం తెచ్చుకున్నది వాటి కోసమే.

"నోరిప్పవేందే?" అని గదమాయించాను.

"లొల్లెందుకు వదినా? ఈ రెండు పక్కపక్కన పెట్టి చూస్తె అయిపాయె. చూసేటోళ్ళు రావాలె గని."

ఆయనను రమ్మని ఎన్నోసార్లు పిలిచింది. ఆమె బతికుండగా ఆయనకు తీరిక దొరకలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక వచ్చాడు, పూలదండతో. చుట్టాలు, వాడకట్టువాళ్ళు, దుకాణం భాయ్, అందరూ హాల్లో ఉన్నారు. ఆయన ఫొటోకు దండ వేసి నిలబడి, "చాలా కష్టజీవండీ ఆవిడ. పాపం, శాంపిల్స్ విషయంలో చిన్న పొరపాటు జరిగింది. నేనది ఎప్పుడో క్షమించేశాను," అన్నాడు.

క్షమించాడట!

నేను మేడ మీదికి వెళ్ళి రెండు సీసాలూ భూతద్దమూ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇది మొదటి ప్రయాణంది, ఇది రెండోది. ఒకటే సముద్రం. ఒకటే మందు. రెంటికి ఒకటే చెయ్యి వెలిగారం ఏసింది. చూడున్రి సార్."

వంగి చాలాసేపు చూశాడు. పాత సీసాలో గవ్వలు ఇంకా గాజులా ఉన్నాయి. కొత్తదానిలోవి పొర కమ్మిన కళ్ళలా తెల్లబడి, అక్కడక్కడా చిల్లులు పడి ఉన్నాయి.

"సీసాదే తప్పయితే ముందు పాతది ఖరాబు గావాలె గద?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు నింపించిన సీసాలల్ల వెలిగారం ఏసిన్రా?"

"అప్పుడు ఏదో హడావిడిలో అండీ..."

"అందరికి ఇనబడేటట్టు చెప్పున్రి."

"వెయ్యలేదండీ."

దుకాణం భాయ్ నమ్మలేనట్టు అడిగాడు. "చుట్కీ భర్ సుహాగా నై డాలే, సాబ్?"

చిటికెడు. అంతే. హాల్లో ఎవరూ ఆయనను కూర్చోమనలేదు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఈ రెండూ మా మ్యూజియంకి ఇవ్వండి మేడమ్. ఆవిడ పేరుతో పెడదాం," అన్నాడు.

"ఇయ్య. ఆమె శిష్యురాలు వస్తది, ఈ గవ్వల మీదనె రాస్తున్నది, ఆ పిల్లకిస్త. ఆ అచ్చయ్యేదాంట్ల మా ఆడబిడ్డ పేరుంటది. కడమ సీసాలు ఎవరు ఖరాబు చేసిన్రో అది గూడ ఉంటది."

అలమరలో ఆమె చివరిసారి తెచ్చిన పొట్లం సగం మిగిలి ఉంది. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఇది తీస్కపోన్రి. అప్పుడు మీకు దొరకలేదు గద."

పారేయలేక, జేబులో పెట్టుకోలేక, పట్టుకునే వెళ్ళాడు. ఆమె ఉంటే "పోనియ్ వదినా" అనేది. ఆమె లేదు. నేనున్నాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే మా గడప నుంచి గల్లీ మలుపు దాకా సన్నటి తెల్ల గీత. బడికి పోయే పిల్లలు ముగ్గనుకొని తొక్కకుండా దాటుతున్నారు. పనిమనిషి చీపురుతో వచ్చింది. ఆగమన్నాను.