ఆరో వైపు

పోయిన గురువారం మారేడ్‌పల్లిలో ఒకరింటి హాల్లో మోకాళ్ల మీద కూర్చుని, అక్వేరియం స్టాండు కాలి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. ఇంటాయన కాఫీ కప్పు చేతిలో పట్టుకుని నన్ను వింతగా చూస్తున్నారు. నానిన ప్లైవుడ్ వాసన మీకు తెలుసో లేదో, తడిసిన అట్టపెట్టె వాసనలో పాత జిగురు కలిసినట్టుంటుంది. ఎక్కువ లేదు, తెలిసీ తెలియనట్టు ఉంది. ఆ స్టాండు లాలాగూడలోని మా షెడ్డులోనే తయారైంది. చేసింది యాదగిరి. ఆరేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి, నేను కళ్లు మూసుకుని నమ్మే మనిషి. అక్కడే, ఆ పాలరాతి నేల మీద, రాజయ్య మేస్త్రి గుర్తొచ్చారు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన నాకు చేసిన ఒక పని మాత్రం ఇప్పటికీ మనసును వదలదు.

రాజయ్య మేస్త్రి రైలు పెట్టెల్లో కర్రపని చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఊరికే కూర్చోలేక రెజిమెంటల్ బజార్‌లో ఒక సందు చివర షెడ్డు తీసుకుని, పెద్ద పెద్ద అక్వేరియాలకు స్టాండ్లు చేయడం మొదలుపెట్టారు. పొట్టి మనిషి. చెవి వెనక పెన్సిలు, జేబులో సోంపు పొట్లం. నేను ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా పట్టుకుని, ఇరవై మూడేళ్ల వయసులో ఆయన దగ్గరికి వెళ్లాను. మా నాన్న చర్చి స్కూల్లో టీచరు. నేనూ టీచరునే కావాలని ఆయన కోరిక. "స్టెల్లా, ఆడపిల్లవి, ఉలి పట్టుకుని ఏం సాధిస్తావమ్మా?" అని నెల రోజులు అన్నం దగ్గర ఇదే పాట. నేను మొండికేసి వచ్చాను. ఒక్క తప్పు చేసినా ఇంట్లో ఏమంటారో నాకు బాగా తెలుసు. ఆ భయం గురించి ముందే చెప్పుకోవాలి, తర్వాత జరిగినదానికి అదే మూలం.

మొదటి రోజు కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు గర్వంగా ముందు పెడితే ఆయన వాటి వంక చూడనే లేదు. ఒక ప్లై ముక్క నా చేతిలో పెట్టారు.

"దీనికి ఎన్ని వైపులున్నయి?"

"రెండు," అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

"డిప్లొమాల గిట్లనే చెప్పిన్రా? మీద, కింద, చుట్టు నాలుగు. ఆరు. మనుషులు ఐదే చూస్తరు బిడ్డా. నీళ్లు లోపటికి పోవుడు షురూ అయ్యేది ఆరో వైపుకెల్లే."

ఆ ముక్కకు ఐదు వైపులా నీళ్లు పీల్చనివ్వని ఎపాక్సీ పూత పూయించి, ఆరోది వదిలేసి, బకెట్ నీళ్లలో వేయించారు. మూడో రోజు తీసి చూస్తే పూత పూసిన వైపులు మెరుస్తూ అలాగే ఉన్నాయి. పూయని అంచు మాత్రం ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుంది. ఆయన ఒక పొరను గోటితో పట్టి లాగితే అరటి తొక్కలా ఊడి వచ్చింది. ఆ ముక్కను నాకే ఇచ్చేశారు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. స్టాండు పూర్తయ్యాక దాన్ని సందులోకి తెచ్చి, నాలుగు కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టి, పై నుంచి రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించేవారు. ఒక రోజంతా అలా వదిలేసి, మర్నాడు సందులో వాళ్లను పిలిచేవారు. టీ బండి అతను, జిరాక్స్ షాపు అతను, ఎదురింటి టైలరు, ఆమె మరిది, దారిన పోయేవాళ్లు. పది మంది ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని దాని మీదకు ఎక్కాలి. ఐదడుగుల తొట్టిలో నీళ్లు, గాజు, గులకరాళ్లు కలిపితే ఏడువందల కిలోలు. పది మంది మనుషులు ఇంచుమించు అంత. "ఎగురకున్రి, నిలవడున్రి సాలు," అంటూ ఆయన కింద పడుకుని, చట్రానికి చెవి ఆనించి వినేవారు. మొదటిసారి అది చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. విరిగితే ఆ పది మందీ పడేది ఆయన మీదే. ఆ మాటే అంటే, "అందుకే గదా కింద పండిన," అన్నారు. పావుగంట తర్వాత అందరికీ టీ. అప్పుడే ఆ స్టాండు గడప దాటేది.

నేను ఒంటరిగా చేసిన మొదటి స్టాండు సైనిక్‌పురిలో శకుంతలమ్మ గారిది. ఆమె భర్త సైన్యంలో చేసి వచ్చినాయన, ముసలితనంలో చేపల మీద ప్రాణం పెట్టుకుని, ఆ వేసవిలోనే పోయారు. ఆయన పోయిన కొన్నాళ్లకు పాత తొట్టి పగిలింది. ఆయన చేపలు స్నానాల గదిలో ప్లాస్టిక్ టబ్బుల్లో ఉన్నాయి, రోజుకొకటి చస్తోంది. ఆమె రోజూ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగేవారు. గొంతులో దుఃఖం తెలుస్తూ ఉండేది.

వానాకాలం. పూత ఒక పట్టాన ఆరదు. స్టాండును నిలబెట్టి ఐదు వైపులా పూశాను. కాళ్ల అడుగులు మిగిలాయి. వాటికి పూయాలంటే స్టాండు తిరగేయాలి, ఇంకో రెండు రోజులు ఆరనివ్వాలి. నేను తిరగేయలేదు. ఇటుకల మీద నిలబెట్టి నీళ్లు పోస్తే అడుగులు తడవవు కాబట్టి పరీక్షలో బయటపడదని నాకు తెలుసు. అది మరుపు కాదు, తెలిసి చేసిన పని. పది మందీ ఎక్కారు. చట్రం కిక్కురుమనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆరు వైపుల పూసినవా బిడ్డా?" అన్నారు మేస్త్రి, దుమ్ము దులుపుకుంటూ లేచి.

"పూశాను మేస్త్రిగారూ," అన్నాను. నా జీవితంలో అంత సులువుగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. ఆయన తలూపి, స్టాండును ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి అడుగు వైపు తానే పట్టుకున్నారు.

ఆ తర్వాత పదకొండు వారాలు నేను మనిషిలా బతకలేదు. షెడ్డులో ఫోన్ మోగితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. శకుంతలమ్మ గారింట్లో రోజూ బకెట్ల కొద్దీ నీళ్లతో నేల కడుగుతారని ఆమే ఒకసారి చెప్పారు. అన్నం ముందు కూర్చుంటే ఆ కాళ్లు నీళ్లు తాగడం కనిపించేది. ఇవాళ చెప్పాలి అనుకుంటూ బస్సెక్కేదాన్ని. ఆయన ఎదురుగా నిలబడగానే మా నాన్న ముఖం గుర్తొచ్చి నాలుక లోపలికి పోయేది. సైనిక్‌పురి వైపు వెళ్లే ధైర్యం లేక, ఆ దారిలో పని పడితే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ రోజుల్లోనే మేస్త్రి గురువారం మధ్యాహ్నాలు "జెర పనుంది" అంటూ వెళ్లిపోయేవారు. గురువారం కదా, బాబా గుడికి వెళ్తున్నారనుకున్నాను. ఆయన కళ్లు తప్పించి రెండు గంటలు గడుస్తాయి గనుక నాకది హాయిగానే ఉండేది.

పదకొండో వారం శకుంతలమ్మ గారు ఫోన్ చేశారు. నేనే ఎత్తాను. "అమ్మాయ్, నీ స్టాండు ఎంత బాగుందో చెబుదామని చేశాను," అన్నారు. "మోకాళ్ల నొప్పులు కదా నాకు. కుర్చీ దగ్గరకు లాక్కుని, స్టాండు తలుపులు తీసి, రెండు కాళ్లూ లోపలికి, తొట్టి కిందకి చాపుకుని కూర్చుంటున్నా. నీళ్ల చల్లదనానికి ఎంత సుఖంగా ఉంటోందో! పొద్దస్తమానం అక్కడే నేను."

ఏడువందల కిలోల కింద ఆ పెద్దావిడ కాళ్లు. ఫోన్ పెట్టేసి వెళ్లి మేస్త్రి ఎదుట నిలబడ్డాను. ఆయన చిత్రిక పడుతున్నారు. మొత్తం చెప్పేశాను. ఏడుస్తూ, తిరగేయలేదని, తెలిసే తిరగేయలేదని, అబద్ధం ఆడానని. తిడతారనుకున్నాను. ఆయన చిత్రిక బల్ల మీద పెట్టి, సోంపు పొట్లం తీసి, నాకు కొంచెం ఇచ్చి తాను కొంచెం నోట్లో వేసుకున్నారు.

"పా," అన్నారు. "ఆటో పిలువు."

దారంతా నేను తొట్టి బద్దలైపోయి ఉంటుందేమోననే అనుకుంటున్నాను. హాల్లోకి అడుగు పెట్టగానే తొట్టి నిక్షేపంగా కనిపించింది. చేపలు తిరుగుతున్నాయి. శకుంతలమ్మ గారు కుర్చీలో ఉన్నారు, కాళ్లు మాత్రం ముందరి పీట మీద ఉన్నాయి. నేను పరుగున వెళ్లి స్టాండు తలుపులు తెరిచాను.

లోపల రెండు స్క్రూ జాకీలు ఉన్నాయి.

బండిని పైకెత్తే రకం ఇనుప జాకీలు, రెండు చివర్లా ఒక్కొక్కటి. వాటి మీద టేకు దిమ్మెలు. దిమ్మెల తలలు చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాయి. తొట్టి బరువంతా వాటి మీదే ఉంది. నేను చేసిన కాళ్లు ఊరికే నిలబడి ఉన్నాయి, వాటి మీద బరువన్నదే లేదు. "ఇవి ఎవరు పెట్టారు?" అన్నాను.

"మీ మేస్త్రే," అన్నారు శకుంతలమ్మ గారు. "మీరు స్టాండు పెట్టి వెళ్లారా, మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కాళ్ల అడుగున పూత లేదమ్మా, ఆటోలో ఎక్కించేటప్పుడు చూశాను, నీకు భయం లేకుండా ఇవి పెడతాను, ఆ పిల్ల తనంతట తాను చెప్పేదాకా ఆగుతావా అన్నాడు. గురువారం గురువారం వచ్చి మరలు సరిచూసి వెళ్తున్నాడు. వచ్చినప్పుడల్లా అడుగుతున్నా, ఇంకా చెప్పలేదా అని. ఇంకా లేదమ్మా అంటాడు. ఆయన ఓపిక ఆయనది తల్లీ, నాకంత ఓపిక లేదు. అందుకే ఇవాళ ఫోన్ చేశాను."

"మరి... మీ కాళ్లు?" అన్నాను.

"జాకీలు పెట్టాక అక్కడ కాళ్లు చాపడానికి చోటెక్కడిది? నువ్వొక అబద్ధం ఆడావు, నేనొకటి ఆడాను," అని ఆవిడ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది, కోపమూ వచ్చింది. పదకొండు వారాలు నేను నిద్రాహారాలు మాని చస్తుంటే వీళ్లిద్దరూ ఇక్కడ కూర్చుని టీ తాగారా! ఆ కోపం పూర్తిగా పోయిందని ఇవాళ్టికీ చెప్పలేను. ఆ సాయంత్రం నీళ్లు తోడి, చేపలను మళ్లీ టబ్బుల్లోకి మార్చి, స్టాండు తిరగేశాం. కాళ్ల అడుగులు నల్లబడి, ఉబ్బి ఉన్నాయి. మేస్త్రి నా బొటనవేలు పట్టుకుని ఒక కాలి అడుగున నొక్కించారు. వేలు గోరు దాకా దిగింది. జాకీలు లేకపోతే ఏమయ్యేదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తిరుగు దారిలో ఆటోలో అడిగేశాను. "చూసిన రోజే చెప్పొచ్చు కదా మేస్త్రిగారూ? అక్కడే తిరగేసి పూసేదాన్ని కదా?"

"నేను జెప్తే పూస్తుంటివి," అన్నారు ఆయన. "ఆ ఒక్క దానికి పూస్తుంటివి."

"నేను ఎప్పటికీ చెప్పకపోతే?"

"నాకు సుత గదే పరేషాన్ ఉండె బిడ్డా. పోయిన గురువారం ఆ కాళ్లు చూసి, ఇగ వచ్చే వారం ఆగొద్దు, నేనే జెప్పాలె అనుకున్న. ఇంటికి పోతే బువ్వ తిన బుద్ధి కాలే." అంటూ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. ఆయన కూడా భయపడ్డారని, ఆ పదకొండు వారాలూ నాతోపాటు లోలోపల నలిగారని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. జాకీలను చూసినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ దిమ్మ తిరిగింది.

కొత్త కాళ్లతో స్టాండు మళ్లీ చేశాను. ఆరు వైపులా పూశాను. ఇంట్లో మా నాన్నకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా షెడ్డుకు వచ్చి మేస్త్రితో టీ తాగి వెళ్లారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఉలి మాట ఎవరూ ఎత్తలేదు. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న రోజున మేస్త్రి ఆ రెండు జాకీలూ గోనె సంచిలో వేసుకుని వచ్చి నా బల్ల కింద పెట్టారు. "నాకు ఇగ అవసరం పడవు," అన్నారు. ఇన్నేళ్లలో నాకూ పడలేదు. స్టాండు గడప దాటే ముందు నేనే తిరగేసి చూసుకుంటాను. మారేడ్‌పల్లి స్టాండు వెళ్లిన రోజున మాత్రం మా నాన్న ఆస్పత్రిలో ఉన్నారు, నేను షెడ్డులో లేను.

పోయిన గురువారం ఆ ఇంటాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. గంటలో షెడ్డుకు వెళ్లి సంచి తెచ్చాను. జాకీలు తుప్పు పట్టలేదు, మరలు ఇంకా నునుపుగానే తిరుగుతున్నాయి. వాటిని చట్రం కింద బిగించి, చెవి ఆనించి విని, ఒక్క పదిహేను రోజులు ఓపిక పట్టమని ఆయనను బతిమాలుకున్నాను. తర్వాత షెడ్డుకు వచ్చి, "ఆ మారేడ్‌పల్లి స్టాండు బాగానే ఉందా యాదగిరీ?" అని అడిగాను. "మంచిగుందక్కా," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

అరిచేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. సోంపు నోట్లో వేసుకుని ఊరుకున్నాను. ఆరు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. నిన్న అతని చేతిలోంచి రెండుసార్లు సుత్తి జారింది. ఇవాళ సాయంత్రం వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కా," అన్నాడు. నేను తలెత్తాను. "ఏం లేదక్కా," అని వెళ్లిపోయాడు.

రేపు గురువారం.