లెక్కకు రాని చిన్నాయన

మా బాపుకు ఇంగ్లీషు మాటలు విడివిడిగా రావు, గుత్తులుగా వచ్చేవి. వయసులో ఉన్నప్పుడు ఆలేరు స్టేషన్‌లో మూటలు మోస్తూ విని పట్టుకున్న ఇంగ్లీషు అది. వన్ ఆఫ్ దెమ్, టూ ఆఫ్ దీజ్, బోత్ ఆఫ్ యూ. ఊరికి తిరిగొచ్చి గొర్రెలు కాసుకుంటూ, పొద్దుగూకే వేళ దొడ్డి దగ్గర నాకు అవే నేర్పేవాడు. రెండు గొర్రెపిల్లలను చంకన పెట్టుకుని "టూ ఆఫ్ దెమ్, విత్ మీ" అనేవాడు. మా అవ్వ, అంటే బాపు తల్లి, "ఇంగిలీషు నీ బిడ్డకు నేర్పుతున్నవా, గొర్లకా?" అని నవ్వేది.

"నడుమ ఆ ఆఫ్ ఎందుకు బాపూ?" అని అడిగానొకసారి.

"నాకేమెరుక బిడ్డా. గది లేకుంటే అంకె ఒక దిక్కు, మనుషులు ఒక దిక్కు పడిపోతరు."

నాకు బడి లేదు. ఊళ్లో ఉన్న ఒక్క బడీ మగపిల్లలదే, అదీ ఉర్దూలోనే. బాపే నాకు పంతులు, అంతకంటే మంచి పంతులును తర్వాత కూడా నేను చూడలేదు.

పోలీసు చర్య అయి నిజాం దిగిపోయాక, సంఘంవాళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, మిలిటరీ నల్గొండ పల్లెలన్నీ గాలిస్తున్న రోజులవి. ఒక పొద్దున మా వాకిట్లోకీ వచ్చారు. ఇంట్లో ఎంతమంది అని వాళ్ల అధికారి హిందీలో అడిగాడు. అవ్వ తడుముకోకుండా "చార్" అంది.

అవ్వ, బాపు, అమ్మ, నేను. సరిగ్గా అప్పుడే దొడ్డి వెనక నుంచి మా చిన్నాయన, బాపు తమ్ముడు, తుమ్మకాయల గంపతో వచ్చాడు. అన్న చాటున పెరిగినవాడు, సంఘమన్నా సర్కారన్నా పట్టని మనిషి. లెక్కకు ఎక్కువైన మనిషి అంటే దాక్కున్నవాడే కదా వాళ్లకు! గంప లాగి పడేసి రెక్క పట్టుకున్నారు. అట్లా పట్టుకుపోయిన పక్క ఊరి పోరగాళ్లు కొందరు తిరిగి రాలేదని మాకు తెలుసు.

అధికారి పక్కవాడితో "వన్ ఆఫ్ దెమ్" అన్నాడు. ఆ గుత్తి బాపుకు తెలిసిందే.

"నో సార్. వన్ ఆఫ్ అస్. ఫైవ్ ఆఫ్ అస్" అన్నాడు.

మరి నాలుగని ఎందుకు చెప్పారని అధికారి గద్దించాడు. బాపు దగ్గర దానికి ఇంగ్లీషు లేదు. పోయి తమ్ముడి రెండో రెక్క పట్టుకుని, "బోత్ ఆఫ్ అస్, సార్" అన్నాడు. తీసుకుపోతే ఇద్దరినీ తీసుకుపొమ్మని.

అవ్వకు కోపం నషాళానికి ఎక్కింది. "ఇంట్లున్నోళ్లను ఉన్నది ఉన్నట్టు ఎవలన్న లెక్క చెప్తరా? దిష్టి తగలదా? ఒకల్ని దాసి చెప్పాలె. ఏ తల్లి కన్నదో వీళ్లను, గింత గూడ నేర్పలె!"

ఆ గుంపులో కోస్తా వైపు జవాను ఒకడున్నాడు. అతనికి నవ్వాగలేదు. "మా అమ్మ కూడా ఇంతేనండి, మమ్మల్ని ఎప్పుడూ సరిగ్గా లెక్కచెప్పదు" అని మాతో అని, అదే అధికారికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. అధికారి అవ్వను ఎగాదిగా చూశాడు. ఇంకా తిడుతూనే ఉంది మహాతల్లి. చెయ్యి ఊపాడు, చిన్నాయనను వదిలేశారు.

వాళ్లు పోయాక ఇంత జొన్నరొట్టె తినడానికి కూర్చున్నాం. అవ్వే ముక్కలు తుంచి చిన్నాయన నోట్లో పెట్టింది.

"అవ్వా, దాసేదుంటే పిల్లను దాయాలె గని వాన్నెందుకు దాసినవు?" అన్నాడు బాపు.

"పానం ఎక్కువ ఎవని మీదుంటే వాన్నే దాస్తరు. వాడు పుట్టినప్పటి సంది గంతే."

బాపు నవ్వబోయాడు గానీ నవ్వు పూర్తిగా రాలేదు. "అంటే ఇన్నేండ్ల సంది నన్ను లెక్కల ఏసుడేనా? ఒక్కనాడన్న దాయలేదా?"

అవ్వ అతని వంక చూడకుండానే అంది. "నిన్ను గూడ దాస్తే, నాకు ఎవలున్నరని చెప్పుకోవాలెరా?"

బాపు చెయ్యి చాచి, అవ్వ కంచంలో మిగిలిన రొట్టె తీసుకుని తిన్నాడు.