పసుపుకొమ్ము నీడ

ధర్మవరంలో మా వీధి శనివారం భజనకు ముందుగొంతు నాది. పల్లవి నేను ఎత్తుకుంటే వెనక ఇరవైమంది అందుకుంటారు. ఆ చలికాలం చరణం సగంలోనే ఊపిరి చాలక ఆగిపోవడం మొదలైంది. పొడిదగ్గు నెల దాటినా వదల్లేదు. పట్టుపోగు కండెలకు చుట్టేటప్పుడు లేచే నూగు వల్ల అనుకున్నాను. పెళ్లయినప్పటినుంచీ చేస్తున్న పని అది.

ఎక్స్‌రే బండి భజనమందిరం ముందుకే వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బును ముదరకముందే పట్టుకోవాలని, దగ్గు ఉన్నా లేకపోయినా అందరికీ ఛాతీ ఫోటో తీస్తామన్నారు. మెడలో లోహం ఏదీ ఉండకూడదని ముందురోజే చెప్పిపోయారు. దాంతో వీధిలో ఆడవాళ్లందరికీ ఒకటే చిక్కు. తాళి తీయడం ఎట్లా?

మా అత్త తేల్చేసింది. పసుపుదారానికి పసుపుకొమ్ము కట్టి నా మెడలో వేసి, ఆ తర్వాతే తాళి తీయించింది.

“మెడ ఒక్క గడియ గూడా బోసిగా ఉండకూడదు. ఇదేమన్నా బంగారా, ఇనుమా? వాళ్ల మిషనుకు ఏం అడ్డం?”

కొమ్ము రవిక లోపల ఉండిపోయింది. బంగారు, వెండి ఏమీ లేవు కదా అని బండిలోని అమ్మాయి అడిగింది. లేవన్నాను. అది అబద్ధం కాదు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. ఎడమ ఊపిరితిత్తి మీద ఏదో నీడ ఉందట. రెండు రోజులాగి హిందూపురం వెళ్లి స్కాన్ తీయించుకోవాలట.

ఆ రెండు రోజులు నేను ఒకచోట కూర్చోలేదు. రాట్నం ముందు కూర్చుంటే పోగు తెగేది. మా నాయన దగ్గర చిన్నప్పుడు నేర్చిన శ్లోకాలు పారాయణం మధ్యలో తప్పేవి. తప్పితే మొదటికి రావాలన్నది మా ఇంటి నియమం. మొదటికి వస్తూ వస్తూ ఒక్క అధ్యాయం దాటలేకపోయాను. భారం స్వామి మీద వెయ్యండని పదిమందికి చెప్పేదాన్ని. నా భారం వేసేదాన్ని, మళ్లీ నేనే వెనక్కి తీసుకునేదాన్ని.

భజనలో నా పక్కనే కూర్చునే అవ్వ చూడటానికి వచ్చింది.

“నీకేం రోగమే? నేను తాళం తప్పు కొడితే చెయ్యి పట్టుకోని ఆపేంత బలం ఉండాది నీకు.”

“లోపల నీడ ఉండాదంట అవ్వా.”

“నీడ అందరికీ ఉంటాది. ఎండలో నిలబడి చూసుకో.”

నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. అవ్వ మొహం పక్కకు తిప్పుకుంది.

పొద్దున రైలుకు నేనూ మా ఆయనా బయల్దేరాం. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే కూర్చోవాలనిపించేది. పెనుకొండ దగ్గర కొండ కనబడగానే చేతులు జోడించాను.

“ఏమ్మే, ఏం మొక్కుకుంటాండావు?” అన్నాడు మా ఆయన.

ఏమీ లేదన్నాను. నేను మొక్కుకోవడం లేదు, బేరమాడుతున్నాను. ఆ నీడ జబ్బు కాకుండా ఇంకేదన్నా అయ్యేట్టు చూడు స్వామీ, అంతే చాలు అని.

హిందూపురంలో స్కాన్ గది బయట, అత్త చెప్పినట్టే మళ్లీ కొమ్ము కట్టుకుని, తాళి తీసి మా ఆయన చేతికిచ్చాను. లోపల స్కాన్ తీసే ఆమె నా మెడ చూసి ఆగింది.

“ఇదేందక్కా?”

“పసుపుకొమ్ము. లోహం కాదులేమ్మా.”

“పోయినసారి ఫోటోకూ ఇట్లే పోయింటివా?”

అవునన్నాను. నేను వెంట తెచ్చిన పాత ఫిల్మును ఆమె వెలుగుకు పెట్టింది. ఎడమవైపు వేలికణుపంత బూడిదరంగు నీడ. నా మెడలోని కొమ్మును రెండు వేళ్లతో పట్టుకుని, దాన్నీ ఫిల్మునూ మార్చి మార్చి చూసింది.

“చూడక్కా. నీ జబ్బు దారానికి యాలాడతాండాది.”

నేను గోడకు ఆనుకున్నాను. స్వామి నా మాట విన్నాడు. ఇక రైలెక్కి ఇంటికి పోతానన్నాను.

“అట్లా పోతే కాదు. డాక్టరు రాసిచ్చినాడు, తీయాల్సిందే. ఆ కొమ్ము గూడా తీసి పక్కన పెట్టు.”

పెళ్లయిన తర్వాత నా మెడ బోసిగా ఉన్న మొదటి గడియ అది. ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టాను. ఒక్క నామం కూడా గుర్తు రాలేదు. మా ఆయన తాళిని జేబులో వేసుకున్నాడేమోనని అదే ఆలోచన.

వేసుకోలేదు. దోసిట్లో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అందరూ చూస్తుండగా నా మెడలో వేశాడు. చేతులు వణికాయి.

“పెండ్లిలోనూ ఇట్లే వణికినాయి,” అన్నాను.

“ఆ పొద్దు మీ నాయన చూస్తా ఉన్నాడు కదా,” అన్నాడు.

సాయంత్రం డాక్టరు చెప్పాడు. ఎడమవైపు ఏమీ లేదు, అది కొమ్మే. కానీ కుడివైపు, మెడ కింది అడ్డెముక వెనకాల, కందిగింజంత మచ్చ ఉంది. మామూలు ఫోటోలో ఎముక చాటున పడి కనబడలేదు. తర్వాత చేసిన తెమడ పరీక్షలో అది క్షయ అని తేలింది. మొదట్లోనే దొరికింది, ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుందన్నారు. తాము చెప్పేదాకా జనంలో కూర్చోవద్దన్నారు.

అంతా కృప అని మా అత్త వీధి వీధంతా చెబుతోంది. నేనూ నమ్ముతాను. అయినా కుదురు లేదు. నేను అడిగింది అడిగినట్టే స్వామి ఇచ్చాడు. అంతటితో ఊరుకుని ఉంటే, నేను నవ్వుతూ రైలెక్కి, వచ్చే శనివారం మళ్లీ ఆ ఇరవైమంది ముందు కూర్చుని దగ్గేదాన్ని.

మొన్న భజనకు వెళ్తూ అవ్వ కిటికీ దగ్గర ఆగింది.

“బండి మళ్లా వస్తాదంట. నువ్వు ఫోటో తీపించుకో అవ్వా,” అన్నాను. “ఇన్నాళ్లూ నా పక్కనే కూర్చుంటివి.”

“పోతాలే. మీ మాదిరి నాకు చిక్కేముండాది? నా మెడలో తీసేదానికి ఏమీ లేదు.”

ఇప్పుడు పల్లవి ఆమే ఎత్తుకుంటోంది, శ్రుతి తప్పి. నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, చరణంలో ఆమె ఊపిరి ఎక్కడ ఆగుతుందోనని వింటున్నాను.