చిక్కుడుకాయల మీద ఆగిన చేతులు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఉప్పల్ మెట్రో కింద ఒక బండి మీద ఈ ఏటి మొదటి చిక్కుడుకాయలు కనిపిస్తే, ఒక్కడికి ఎక్కువవుతాయని తెలిసి కూడా కొనేశాను. గదికి వచ్చి చాప మీద కూర్చుని, చేటలో పోసుకుని ఈనెలు తీస్తుండగా ఫోను మోగింది. మా సంఘంలో పాటల బృందంలో పాడే ఒక చెల్లి, నర్సుగా పనిచేస్తుంది, తను మొట్టమొదట రాసిన వ్యాసాన్ని పీడీఎఫ్ చేసి పంపింది. పొద్దున చర్చి మెట్ల మీద ఆ సంగతి చెప్పినప్పుడే, పంపొద్దమ్మా, తీసుకొచ్చి చదివి వినిపించు అన్నాను. "ఎవరన్నా గట్ల చదివి వినిపిస్తరా అన్నా? నాకు మస్తు సిగ్గు. వాట్సప్‌ల పెడ్త, నువ్వే సూడు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

వినిపించేవాళ్ళం. ఆ మాట ఆమెకు అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేకపోయాను గనుక, నాలాగే కాగితం మీద రాసి మొదలుపెట్టిన వాళ్ళకు ఇక్కడ చెబుతున్నాను.

నాచారంలో ఒక మందుల కంపెనీలో, మాత్రలను పరీక్షించే విభాగంలో చేరిన కొత్తలో నాకు రాయాలనే తపన పట్టుకుంది. మా పనిలో ప్రతిదానికీ ఒక వరుస ఉంటుంది: ముందు తూకం, తరువాత కరిగించడం, ఆ తరువాత వడగట్టడం, చివరికి కొలత. ఏది తప్పినా ఫలితం చెల్లదు. అలవాటు కొద్దీ సంఘంలోని పరిచర్యలను కూడా మనసులో వరుసగా పేర్చుకునేవాణ్ణి. వాక్యం చెప్పడం, పాటలు, సండే స్కూలు, ఆసుపత్రుల్లో ప్రార్థన, చివరికి గుమ్మం దగ్గర చెప్పులు సర్దడం కూడా పరిచర్యే. రాయడం మాత్రం ఆ వరుసలో ఎక్కడా లేదు. మా పాస్టరుగారు మంచి మనిషి, భుజం తట్టి మరీ "వీడియోలు చెయ్యి తమ్ముడూ, ఇప్పుడు సదివేటోళ్ళు ఎవరున్నరు?" అన్నారు. ల్యాబులో నా పక్క టేబులు మిత్రుడైతే నేను భోజనం వేళ రాసుకుంటుంటే తొంగిచూసి, "ఏంది అన్నా, గోలీలను పరీక్ష జేసుడు సాలదా, దేవుణ్ణి గూడ జేస్తున్నవా?" అనేవాడు. ఇంటిల్లిపాదీ సూర్యాపేట వైపు ఉండిపోయారు, ఇక్కడ నాకున్నది ఆ గది, ఆ బస్సు, ఆ టేబులు. రాసింది చూపించడానికి మనిషి లేడు.

అలాంటి రోజుల్లో హబ్సిగూడ సందులో ఒక పెద్దాయన చిన్న క్రైస్తవ మాసపత్రిక నడుపుతున్నారని తెలిసి వెళ్ళాను. గుంటూరు వైపు నుంచి వచ్చి బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. పోస్టులో వచ్చిన రచన తీసుకునేవారు కాదు. శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చి పైకి చదివి వినిపించాలి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునేవారు. ఆ పక్కనే అమ్మగారు, ఆయన భార్య, ఒళ్ళో చేట పెట్టుకుని, కాలాన్ని బట్టి చిక్కుడుకాయల ఈనెలు తీయడమో, గోంగూర దూయడమో, చింతపండు గింజలు తీయడమో చేస్తుండేవారు. వంటపని చేసుకుంటున్నారని అనుకునేవాణ్ణి. ఎన్నోసార్లు వెళ్ళాక గాని గమనించలేదు, పెద్దాయన చూసేది నా కాగితాన్ని కాదు, ఆవిడ చేతులను. ఏ వాక్యం దగ్గర ఆవిడ చేతులు ఆగుతాయో ఆ వాక్యం ఉంటుంది, మిగిలిన వాటిమీద ఎర్ర పెన్ను నడుస్తుంది.

నా మొదటి వ్యాసం ప్రార్థన గురించి. అంశాలు, ఉప అంశాలు, ముగింపు, అన్నీ మా కంపెనీ కాగితాల తీరులో రాసుకెళ్ళాను. చదువుతున్నంతసేపూ చేటలో చిక్కుడుకాయలు టపటపా పడుతూనే ఉన్నాయి. చివరలో, ఎందుకు రాశానో నాకే తెలియని ఒక సంగతి ఉంది: షిఫ్టు దిగి బస్సెక్కి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, నిద్రపోయాననుకుని కండక్టరు భుజం కుదిపి "లే అన్నా, ఉప్పల్ వచ్చింది" అని రోజూ లేపుతాడని. అక్కడ చేతులు ఆగాయి. అమ్మగారు తలెత్తి, "అయితే మరి ఆమేన్ ఎక్కడ చెప్పావు నాయనా, దిగాకనా?" అన్నారు. పెద్దాయన నవ్వి, "పైనదంతా మందులచీటీ బాబూ. ఈ బస్సు దగ్గర్నుంచి మొదలెట్టుకురా" అన్నారు. ఆ సాయంత్రం హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా నడిచే వచ్చాను, బస్సులో కూర్చోలేనంత సంతోషం.

ఆ తరువాతి రోజుల్లో రాసినవన్నీ ఆ ఒక్క ఆగడాన్ని నమ్ముకుని రాసినవే. సంఘంలో ఎవరూ చదవకపోయినా, పత్రిక కట్టలు చర్చి బల్ల మీద విప్పకుండానే ఉండిపోయినా, ఒకసారి ఒక మనిషి చేతులు నా మాట దగ్గర ఆగాయి అనుకునేవాణ్ణి.

ఒక వర్షాకాలంలో అమ్మగారు ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, అందరూ లేచి వెళ్ళిన గదిలో పెద్దాయన ఖాళీ చేటను చూస్తూ అన్నారు: "నేను చేతులు చూస్తానని ఆవిడకి మొదట్నుంచీ తెలుసయ్యా. కొత్తవాళ్ళొస్తే ఎక్కడో ఒకచోట కావాలనే ఆపేది. దేవుని పేరున రాసుకొచ్చినవాళ్ళు ఉత్త చేతులతో మెట్లు దిగకూడదనేది." పత్రిక ఆ నెలతో ఆగిపోయింది.

ఆయన ప్రేమగా చెప్పిన ఆ మాట నన్ను లోపల పడగొట్టింది. మా ల్యాబులో తూకపు పళ్ళాన్ని ఎవరైనా జాలిపడి వేలితో నొక్కితే ఆ కొలతను పారేయాలి. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క కొలత, అదీ పనికిరానిదేమో. రాయడం మానేశాను. పాతవి కొన్ని ఫోనులో సంఘం గ్రూపులో పెట్టి చూశాను గాని, పెట్టీ పెట్టకముందే, మొదటి వాక్యమైనా చదవడానికి వీల్లేనంత తొందరగా, "ఆమేన్" "ఆమేన్" అని వరుసగా వచ్చి పడేవి. అంత ఒంటరితనం గదిలో తలుపేసుకున్నా ఉండేది కాదు.

అనుమానపు ఫలితాన్ని మళ్ళీ పరీక్షించాలి, అది మా నియమం. ఒక సాయంత్రం బస్సులో కండక్టరు ఎప్పటిలాగే "లే అన్నా" అని కుదిపినప్పుడు అమ్మగారి గొంతు గుర్తుకొచ్చింది. ఆ మొదటి శనివారం తరువాత ఎన్ని నెలలు గడిచినా, నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి అడిగేవారు: "ఏం నాయనా, మీ కండక్టరు ఇంకా లేపుతున్నాడా, లేకపోతే ఆయన కూడా ప్రార్థనలో కలిశాడా?" జాలితో చేతులు ఆపవచ్చు గాని, జాలితో ఒక కండక్టరును అన్ని నెలలు గుర్తుపెట్టుకోలేరు. బస్సు దిగి అక్కడే, ఉప్పల్ స్టాపులో నిలబడి కాసేపు ఏడ్చాను. ఆ వారమే మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.

పెద్దాయనను తరువాత కూతురు గుంటూరు తీసుకువెళ్ళింది. ఆ ఇంటిని పడగొట్టి హాస్టలు కట్టారు. ఇప్పుడు పంపడం ఎంత సులువైందో, ఎదురుగా కూర్చోవడం అంత కష్టమైపోయింది. నా రాతలు ఇప్పుడు వెనుకటికంటే ఎక్కువ ఫోన్లకు చేరుతున్నాయి, ఎవరి చేతులు ఎక్కడ ఆగుతున్నాయో మాత్రం తెలియదు.

ఫోను గోడకు ఆనించి, చెల్లి రాసింది ఈనెలు తీస్తూనే చదివాను. చాలావరకు ప్రసంగంలా ఉంది. మధ్యలో ఒకచోట, రోగులకు రక్తం తీసేటప్పుడు మాస్కు లోపలే ఆరాధన పాట కూనిరాగం తీస్తుంటే, ఒక ముసలాయన సూది సంగతి మరిచి, "ఏ సినిమాది బిడ్డా గీ పాట?" అని అడిగాడని రాసింది. నా చేతులు ఆగాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. అది చూడవలసిన చెల్లి ఎదురుగా లేదు.

అక్కడ చేతులు ఆగాయమ్మా అని టైపు చేసి, ఆమెకు అర్థం కాదని చెరిపేశాను. ఆ ముసలాయన దగ్గర్నుంచి మొదలుపెట్టు, వచ్చే ఆదివారం చర్చి మెట్ల మీద నాకు చదివి వినిపించు అని రాసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబుగా జోడించిన చేతుల బొమ్మ ఒకటి వచ్చింది. వినిపిస్తానందో, వద్దందో తెలియలేదు. చేటలో కాయలు ఇంకా చాలానే ఉన్నాయి.