కొత్త ప్రాసెసర్, పాత పెళ్లి కార్డు

టెక్కలిలో డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. లోపల ఏం నేర్చుకున్నామన్నది వేరే విషయం. పాదాలు మాత్రం శుభ్రంగా ఉండేవి. ఆ అర్హతతోనే మా ఇంట్లో నేను కంప్యూటర్ నిపుణుణ్ణి. కాశీబుగ్గలో పెళ్లి కార్డులు డిజైన్ చేసే మా అక్క, కొత్త తరం ప్రాసెసర్ వచ్చిందని విని నన్ను పిలిపించింది.

కార్డు మీద వధూవరుల ఫొటో వేయించుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. అక్క పాత మిషన్ ఒక్క ఫొటో తిప్పడానికి పడే అవస్థ చూడలేక జనం ఎదురుగా తెరిచిన కొత్త షాపుకి వెళ్లిపోతున్నారు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ఈ సీజన్ కూడా పోతే అక్క తన షాపు మూసుకోవలసిందే.

"కొత్తది కొంటే నా పని జరుగుద్దా, లేదా? ఏటో ఒకటి సెప్పు," అంది.

పత్రికలో చదివిన గిగాహెర్ట్జ్‌లన్నీ ఒప్పజెప్పాను.

"అంకెలు నాకెందుకురా? పిక్కలు ఎలగ కొంటామో ఇదీ అలగే కొందాం."

మా ఊళ్లో జీడిపిక్కలు కొనేవాళ్లు బస్తా పైనున్నవాటిని చూడరు. మధ్యలోకి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి, కోసి పప్పు చూస్తారు. అమ్మేవాడు నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే ఆ బస్తా సంగతి తెలిసిపోయినట్టే.

అక్క తన మిషన్‌లో ఉన్న కార్డు డిజైన్లలో అతి బరువైన ఫైలుని సీడీలోకి ఎక్కించింది. ఇద్దరం కంప్యూటర్ల షాపుకి వెళ్లాం. అమ్మేవాడు టెక్కలి కాలేజీలో నా క్లాస్‌మేట్. కొత్త మిషన్‌లో కార్ల రేసు పెట్టి చూపించాడు.

"సూడు మావా, ఎలగ పరిగెడతందో."

"కారు బాగుంది బాబూ. నాకు పెళ్లి కార్డు కావాల," అని అక్క సీడీ అందించింది.

కార్డు తెరుచుకుంది. ఫొటో తిప్పమన్నాం. తెర బిగుసుకుపోయింది. లోపల ఫ్యాన్ మాత్రం చాలా కష్టపడింది. మేం ముగ్గురం మర్యాదగా పక్కకి చూశాం.

"కొత్తది కదా, సిగ్గు పడతందేమో," అన్నాను.

మూలన వాడు సొంతానికి వాడుకునే పాత తరం మిషన్ ఉంది. అక్క సీడీని అందులో పెట్టించింది. ఆమె మౌస్ మీంచి వేలు తీసేలోపే ఫొటో తిరిగింది. వాడు రెండు పెట్టెలూ విప్పి చూశాడు. పాతదాంట్లో మెమరీ బాగా ఎక్కువ. కొత్తదాంట్లో, ధర తగ్గించడానికని, పేరుకే ఉంది.

"నీ పనికి ముందు మెమరీ కావాలక్కా. ప్రాసెసర్ తరవాత," అన్నాడు.

"మరి ముందే సెప్పలేదేం?"

"కొత్తది సూపించమన్నావు కదా."

ఆ సాయంత్రమే వచ్చి అక్క పాత మిషన్‌కి మెమరీ బిగించాడు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాను. కొత్త ప్రాసెసర్ చెడ్డదని కాదు. సరిపడా మెమరీతో వచ్చేదాకా ఆగుదామన్నాను. నా సాంకేతిక సలహా ఒకటి ఇంట్లో నెగ్గడం అదే మొదలు.

మర్నాడు కంచిలి వైపు నుంచి ఆడపెళ్లివారు వచ్చారు. ఊరికే అడిగి, ఎదురు షాపుకి పోదామన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డారు. అక్క వాళ్లు తెచ్చిన వధూవరుల ఫొటో మిషన్‌లోకి ఎక్కించి ఇటు తిప్పింది. పెళ్లికూతురి తండ్రి తెరకేసి చూశాడు.

"అటు తిప్పితే?"

తిప్పింది. ఆయనకి ధైర్యం వచ్చి లోపలికి వచ్చాడు. వెనకే ఆయన భార్య కూడా.

"పెళ్లికొడుకు మీసం కాస్త తగ్గించగలవేటమ్మా?" అని అడిగిందావిడ.

"కుర్చీ లాక్కుని కూకోండి," అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా. "ఎంత తగ్గించాలో సెప్పండి."