డాక్టరమ్మ పేపర్లలోని ఆడవాళ్లం

డాక్టరమ్మ పోయారని భూపాలపల్లి నుంచి ఆమె తమ్ముడు ఫోను చేసి చెప్పారు. అప్పుడు నేను జనగామలో మా ఇంట్లో పప్పుకు తాలింపు వేస్తున్నాను. అది మాడిపోయింది. "ఎవరు పోయిన్రు?" అని మా ఆయన అడిగితే "తెలిసినామె" అన్నాను. నన్ను బతికించిన మనిషి గురించి అంతకు మించి చెప్పలేకపోయాను.

ఆమె మెదడుకు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆడవాళ్ల హార్మోన్ల మీద పరిశోధన కూడా చేసేవారు. తలలో పుట్టే చిన్న గడ్డ నెలసరినీ, పాలనూ, కాన్పునూ ఎలా తారుమారు చేస్తుందో జీవితమంతా వైద్య పత్రికలకు పేపర్లు రాస్తూనే ఉన్నారు. వాటిలో ఒకదానిలో నేనున్నాను, పేరు లేకుండా.

పెళ్లికి ముందు, కురవి దగ్గర మా ఊళ్లో ఉండగా నాకు నెలసరి ఆగిపోయింది. రొమ్ముల నుంచి పాలు రాసాగాయి. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చింది. పైగా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినిపించేది, పట్టపగలే, వడ్ల బస్తాల వెనక నుంచి. మా వాడకట్టులో అప్పుడు పసిబిడ్డలే లేరు. "పురిట్ల పోయిన పిల్లేదో దీని పాలు తాగుతాంది" అని నా వెనక అనుకునేవారు. అమ్మ వీరభద్రుడి గుడిలో నిద్ర చేయించింది, తాయెత్తు కట్టించింది, చివరికి దవాఖానకు తీసుకుపోయింది.

ఏడుపు సంగతి చెబితే అక్కడి డాక్టరమ్మ నవ్వలేదు. "ఏడ్పు ఏ దిక్కుకెల్లి ఇనొస్తది బిడ్డా?" అని అడిగి రాసుకున్నారు. స్కాను చూశాక, "తలకాయల శెనగ్గింజంత గడ్డ ఉన్నది. బిడ్డ పుట్టిందని అది అబద్ధం చెప్తాంది, నీ ఒళ్లు నమ్ముతాంది. నీ తప్పేం లేదు" అన్నారు. నా తప్పేం లేదని అన్న మొదటి మనిషి ఆమే.

ముక్కులో నుంచి ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీశారు. పాలు ఆగాయి, చూపు తిరిగొచ్చింది. ఏడుపూ ఆగింది. అదీ గడ్డ పనేనా అని అడిగాను. "పాలు గడ్డ పనే. ఏడ్పు సంగతి నాకు తెల్వది. తెల్వదనే రాస్త" అన్నారు.

అలాగే రాశారు. ఏ పేపరైనా పంపే ముందు అందులోని మనిషి ఇంటికి వెళ్లి, తెలుగులో చదివి వినిపించడం ఆమె పద్ధతి. కురవి దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరొచ్చారు. చేతి గడియారం తీసి పక్కన పెట్టి, తొందరలేకుండా చదివారు. "పేరు రాస్తే ఊర్లె నిన్ను బతకనియ్యరు. గీ పేపర్ల నువ్వు ఇరవై ఆరేండ్ల ఆడమనిషివి, గంతే" అన్నారు.

తర్వాత జనగామ సంబంధం కుదిరింది. ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. చెబితే కాపురం నిలవదని నేనూ భయపడ్డాను. ఏటా కళ్ల డాక్టరని చెప్పి ఆమె దగ్గరికి వెళ్లొచ్చేదాన్ని. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒక్కోసారి, పని మధ్యలో, ఆ పేపరు గుర్తొస్తుంది. ఎక్కడో ఎవరో దాన్ని చదువుతూ ఉంటారు. అందులో నాకు వయసు పెరగదు, పాలు కారుతూనే ఉంటాయి.

పదో రోజుకు భూపాలపల్లి వెళ్తానంటే మా ఆయన తోడొచ్చారు. వద్దనడానికి సాకు దొరకలేదు.

లోపలి గదిలో చాప మీద కొందరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరికొకరు తెలిసినట్టు లేరు. పెద్ద పెద్ద చేతులున్న ఒకామె నన్ను చూసి, "నేను ముప్పై నాలుగేండ్ల ఆడమనిషిని" అంది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఆమె కూడా ఏదో పేపరులోని మనిషేనని అర్థమైంది. "ఇరవై తొమ్మిది" అంది పక్కామె. ఎవరూ పేరు చెప్పలేదు.

గోడకు ఆనుకున్న ముసలామె, "పందొమ్మిది" అంది.

అందరం ఆమె నెరిసిన తల వైపు చూశాం.

"నా బిడ్డ. ఆపరేషన్ల పోయింది. పోయినోళ్లను రాస్తే నీ పేరు ఖరాబైతదన్నరట తోటి డాక్టర్లు. అయినా డాక్టరమ్మ రాసింది. ఇంటికొచ్చి, నా బిడ్డ మంచం కాడ కూసోని సదివింది. ఆమె రాయకపోతే నా బిడ్డ ఉన్నదని ఎవలకు ఎరుక?"

అప్పుడే మా ఆయన గుమ్మంలోకి వచ్చి, "బస్సుకు టైమైతాంది. ఎవరు వీళ్లంత?" అన్నారు.

ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "నీకెన్నేండ్లు బిడ్డా?"

నేను మా ఆయన కళ్లలోకి చూస్తూ, "ఇరవై ఆరు" అన్నాను.

ఆయన నవ్వబోయారు. గదిలో ఎవరూ నవ్వలేదు.